గిత్తకు వంశావళి ఉంది, బండికేదీ?

ఒంగోలు ప్రాంతంలో పుట్టినవాడికి వంశావళి అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. ఏ ఊరి ఆబోతు, ఎవరింటి ఆవు, ఎన్నో ఈత, తల్లి పాడి ఎంత, తండ్రి మూపురం ఎలాంటిది – ఇన్ని ప్రశ్నలూ అయిన తర్వాతనే మన రైతు గిత్త మీద చెయ్యి వేస్తాడు. 1960లలో మన ప్రక్కనున్న కరవది పేరు పెట్టుకుని బ్రెజిల్ వెళ్ళిన ఒక ఆబోతు, అక్కడి నెలోర్ జాతికి మూలపురుషులలో ఒకటిగా వంశావళి పుస్తకాల కెక్కింది. సముద్రాలు దాటిన పశువు తాతముత్తాతల లెక్క కూడా దొరుకుతుందన్నమాట!

ఆ గిత్తల జతనే అమ్మి, దానికి బ్యాంకు అప్పు కలిపి, ఒకనాడు మన పల్లెలవాళ్ళు కొన్న చిన్న లారీ సంగతి అడిగి చూడండి. "ఏం బండి?" అంటే "డి.సి.ఎం. అండీ" అంటారు. "ఎక్కడ తయారయిందయ్యా?" అంటే "కంపెనీలో" అంటారు. అక్కడితో సరి.

ఈ డి.సి.ఎం. మాట దగ్గర కాసేపు ఆగక తప్పదు. పేపరు తెరిస్తే "డీసీఎం బోల్తా" అన్న వార్త వారానికి ఒకటయినా కనిపిస్తుంది. పడినది ఐషర్ బండి కావచ్చు, టాటా కావచ్చు. విలేఖరికి మాత్రం అది డీసీఎమ్మే. ఇంతకీ డి.సి.ఎం. అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో పుట్టిన బట్టల మిల్లు. ఆ సంస్థవారు 1980లలో జపానువారి టొయోటాతో చెయ్యి కలిపి, ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో టొయోటా డైనా నమూనా చిన్న లారీలు తయారు చేశారు. 1990ల నడిమికల్లా ఆ కర్మాగారం కొరియా దేశపు దేవూ చేతికి పోయింది. లారీల కర్మాగారం కార్ల కర్మాగారమయింది. తర్వాత దేవూ కూడా పోయింది. మాట మాత్రం మన నోట్లో మిగిలిపోయింది. పత్తి తోలుకుని చిలకలూరిపేట జిన్నింగు మిల్లుకు బయల్దేరే రైతు "డి.సి.ఎం. మాట్లాడాను" అన్నప్పుడు, తనకు తెలియకుండానే ఒక బట్టల మిల్లు పేరు చెబుతున్నాడు. పత్తికి తగిన బండే మరి!

దీనికి ముందు మన ఊళ్ళలో మెటాడోరు ఉండేది. 1969 నుంచి బజాజ్ టెంపోవారు పూనా దగ్గర తయారు చేసిన వ్యాను అది. పెళ్ళివారు దిగినా, అరటి గెలలు దిగినా మెటాడోరే. ఇప్పుడు ఆ మాట పెద్దవాళ్ళ నోట తప్ప వినపడదు. మన పల్లెల్లో యంత్రాల చరిత్ర ఇలా మాటల్లోనే బతికి మాటల్లోనే చచ్చిపోతున్నది.

పికప్ అనగానే కొందరు మిత్రులు నిర్వచనానికి దిగుతారని తెలుసు. ముందు ముక్కు ఉండి, వెనుక తెరిచిన తొట్టి ఉంటేనే పికప్ అట. డ్రైవరు ఇంజను మీద కూర్చుంటే అది చిన్న లారీ అట. ఇది అమెరికావారి భేదం. అక్కడ ఫోర్డు కంపెనీ 1925లో మోడల్ టి బండి వెనుక ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. ఆ ఒక్క ఏడాదే దాదాపు 34,000 పోయాయి. పికప్ అనే పేరు అలా స్థిరపడింది. మన మిర్చి టిక్కీకి ఇంజను ముందున్నదా కిందున్నదా అన్న పట్టింపు లేదు కనుక, సరుకు ఎత్తుకుపోయే చిన్న బండి ప్రతిదాన్నీ ఈ వ్యాసంలో పికప్ అనే అంటాను. పండితులు క్షమింతురు గాక.

ఇక అసలు సంగతి. మన రాష్ట్రానికి కూడా సొంతంగా ఒక బండి ఉండేదని ఈ సంచిక చదివే విద్యార్థులలో ఎంతమందికి తెలుసు? 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి హైదరాబాదులో ఆల్విన్ మెటల్ వర్క్స్ స్థాపించాయి. తర్వాత అదే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన హైదరాబాద్ ఆల్విన్. సనత్‌నగర్‌లో బస్సులకు బాడీలు కట్టారు, ఫ్రిజ్‌లు చేశారు, చేతి గడియారాలు చేశారు. మన అమ్మమ్మల ఇళ్ళలో ఆ ఫ్రిజ్ తలుపు వేసిన చప్పుడు గుర్తున్నవాళ్ళు మనలోనే ఉంటారు. ఆ ఆల్విన్ 1980లలో జపానువారి నిస్సాన్‌తో కలిసి మెదక్ జిల్లా జహీరాబాదులో చిన్న లారీల కర్మాగారం పెట్టింది. బండి పేరు ఆల్విన్ నిస్సాన్ కాబ్‌స్టార్. ఆ జహీరాబాదు ఇప్పుడు తెలంగాణలో సంగారెడ్డి జిల్లాకు చెందుతుంది. బండి పుట్టిననాటికి మాత్రం అది మన ఉమ్మడి రాష్ట్రపు బండి.

ఆ రోజుల్లో కేంద్ర ప్రభుత్వం చిన్న లారీలకు జపాను సాంకేతిక సహకారాన్ని ఒప్పుకున్నది. అలా నాలుగు జంటలు కుదిరాయి. టొయోటాతో డి.సి.ఎం., మిత్సుబిషితో ఐషర్ (మధ్యప్రదేశ్‌లో పీతంపూర్), మాజ్దాతో పంజాబువారి స్వరాజ్, నిస్సాన్‌తో మన ఆల్విన్. నాలుగు పెళ్ళిళ్ళూ ఇంచుమించు ఒకే ముహూర్తానికి జరిగాయి. ముహూర్తబలం చాలలేదు. జపాను నుంచి భాగాలు పెట్టెల్లో వస్తాయి, ఇక్కడ బిగిస్తారు, సంవత్సరానికింత చొప్పున ఇక్కడి భాగాలు పెంచుకుంటూ పోతారు – ఇదీ ఒప్పందం. పెట్టెల ధర యెన్లలో. 1985 సెప్టెంబరు 22న న్యూయార్కులో ప్లాజా అనే హోటల్లో అయిదు పెద్ద దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరు విలువ తగ్గించాలని తీర్మానించుకున్నారు. అప్పటికి డాలరుకు సుమారు 240 యెన్లు. 1987 ఆఖరుకు సుమారు 120. అంటే జపాను పెట్టె ధర డాలర్లలోనే రెండింతలయింది. మన రూపాయి డాలరు ముందు కూడా తగ్గుతున్నది కనుక రూపాయల్లో అంతకు మించి. జహీరాబాదులో స్పానరు పట్టుకుని నిలబడ్డ కుర్రవాడు ఏ తప్పు చేశాడని?

అదే సమయంలో 1986లో టాటావారు 407 బండిని దించారు. దాన్ని ఇక్కడే రూపొందించారు, భాగాలు ఇక్కడివే. యెన్ను లేస్తే వారికేమిటి, పడితే వారికేమిటి! మన రోడ్ల మీద నాలుగు జపాను బండ్లనూ తోసిరాజని 407 ఎలా పరుగెత్తిందో లారీ ఓనర్లను అడిగితే చెబుతారు. 1980ల చివర ఆల్విన్ నిస్సాన్ మహీంద్రావారి చేతికి పోయి మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అయింది. 1990ల నడుమ ఆ పేరు కూడా పోయి మహీంద్రాలో కలిసిపోయింది. కర్మాగారం ఈనాటికీ నడుస్తున్నది. ట్రాక్టర్లు కూడా అక్కడ తయారవుతున్నాయి. పోయినది పేరు, పేరుతోపాటు కథ.

ఈ కథ మీద టీకొట్టు దగ్గర రెండే రెండు తీర్పులు వినిపిస్తాయి. "గవర్నమెంటు కంపెనీ గదా, మునిగింది" అనేది ఒకటి. "కావాలనే ముంచి ప్రైవేటువాళ్ళకు కట్టబెట్టారు" అనేది రెండవది. ఎవరి జెండా రంగును బట్టి వారి తీర్పు. నెలకెన్ని బండ్లు గేటు దాటాయి, అందులో ఎన్ని పాళ్ళు మన ఇనుము, ఎన్ని పాళ్ళు జపాను పెట్టెలోది, ఏ సంవత్సరం ఏ భాగం ఇక్కడ చేయడం మొదలయింది – ఇవి చూడకుండా తీర్పు చెప్పడం పేపరు దిద్దకుండా మార్కులు వేయడమే. నా అభిప్రాయం వేరు. ఆ బండిని ముంచింది ప్రభుత్వం సోమరితనమూ కాదు, ప్రైవేటు కుట్రా కాదు, ప్రధానంగా యెన్ను. ఎందుకంటే ఢిల్లీవారి ప్రైవేటు కంపెనీ కూడా అదే గుంటలో పడింది. ఐషర్, స్వరాజ్ నిలబడ్డాయి గదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా! ఎలా నిలబడ్డాయో, మనది ఎందుకు నిలబడలేదో తేల్చేది ఉత్పత్తి చరిత్రే. ప్రజల సొమ్ముతో పుట్టిన బండి గురించి ఆ మాత్రం అడిగే హక్కు ప్రజల పిల్లలకు లేదా?

అయితే ఉత్పత్తి చరిత్ర అంటే కంపెనీ కాగితాలే అనుకుంటే మన దేశంలో సగమే దొరుకుతుంది. పాతకాలపు మాట చూడండి. ఫోర్డు 1926 నుంచి, జనరల్ మోటార్స్ 1928 నుంచి మన రేవు పట్టణాలలో బండ్లు బిగించాయి. 1953లో టారిఫ్ కమిషన్ "ఇక్కడే తయారు చేస్తేనే ఉండండి" అన్న దరిమిలా రెండూ సర్దుకుని వెళ్ళాయి. మహీంద్రావారు 1947లో జీపులతో మొదలుపెట్టి 1965 నాటికి చిన్న లారీలలోకి వచ్చారు. వీటిలో లారీ జాతివి చాలావరకు ఛాసిస్‌గా, మహా అయితే క్యాబుతో వచ్చేవి. వెనుక తొట్టి కట్టింది ఎవరు? విజయవాడ ఆటోనగర్‌లో, గుంటూరులో, మన ఒంగోలులో షెడ్లు వేసుకున్న వడ్రంగులు, వెల్డర్లు, టింకరింగు పనివాళ్ళు, పెయింటర్లు. మిర్చికి ఎత్తు కటకటాలు, పొగాకుకు టార్పాలిన్ కొక్కేలు, పత్తికి పక్కలకు ఉబ్బిన తొట్టి – ఏ సరుకుకు ఏ కట్టడమో వారికే తెలుసు. బండి పుట్టుకలో సగం సూరజ్‌పూర్‌లోనో జహీరాబాదులోనో జరిగితే, మిగతా సగం మన రోడ్డు పక్కనే జరిగింది. ఆ సగానికి రిజిస్టరు లేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో కర్నూలు రోడ్డు వైపు ఒక షెడ్డులో చెట్టు కింద నిలబెట్టిన బండి ఒకటి చూశాను. క్యాబు మీద నాలుగు పొరల రంగు. ఒక తలుపు నీలం, ఒక తలుపు పసుపు. ముందు కంపెనీ పేరు ఉండవలసిన చోట దేవుడి పేరు ఉంది. షెడ్డు మేస్త్రీ డెబ్బై దాటిన మనిషి, నా వాలకం చూసి నవ్వాడు.

"ఏంది సారూ, దాంట్లో ఏముందని అట్టా చూస్తన్నారు?"

"ఇది ఏ కంపెనీదో చూద్దామని మేస్త్రీ గారూ."

"ఏ కంపెనీ అంటే ఏం చెప్పను. ఇంజను రెండోది. గేరుబాక్సు మూడోది. తొట్టి మొదట చెక్కది, నేనే కట్టిచ్చా. పుచ్చిపోయింది. ఇప్పుడున్న రేకు తొట్టి కూడా నేనే కట్టిచ్చా. ఆ తలుపు ఐషర్‌ది, కోసి పట్టిచ్చాం."

"మరి అసలు బండి ఏది మిగిలింది?"

"నెంబరు మిగిలింది సారూ. నెంబరుంటేనే బండి."

ఆ మాటకు నేను నవ్వాను గాని, ఆలోచిస్తే అది చట్టం మాట. ఇంజను మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, కాగితాల మీద రాయించుకుంటే చాలు. ఛాసిస్ మీద కొట్టిన నెంబరు పోతే బండి లేనట్టే. ఈనాటి బండ్లకు 17 అక్షరాల నెంబరు ఉంటుంది. అంకెలతో పొరబడకుండా అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఆ రోజుల్లో ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. మేస్త్రీ కిరోసిన్ గుడ్డ పెట్టి ఛాసిస్ రుద్దాడు. సీటు వెనుక రేకు మీద రంగు గీకితే "ఆల్విన్" అన్న ఇంగ్లీషు అక్షరాలు సగం బయటపడ్డాయి. పురావస్తుశాఖవారు శాసనం దొరికినప్పుడు ఎలా ఉంటారో నాకు తెలియదు. నాకు మాత్రం చేతులు వణికాయి.

ఇక్కడొక వైపరీత్యం గమనించండి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, మొదటి రూపం చెడకుండా ఉండి, సొంత వాడుకలో ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు "వి.ఎ." అక్షరాలతో ప్రత్యేకమైన నెంబరు ప్లేటు, రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు. మంచిదే, వద్దనను. కాని ఆ చట్రంలో ఇమిడేది ఎవరి బండి? మేడ కింద షెడ్డులో ముసుగు వేసి, ఆదివారం తుడిచి, పెళ్ళి ఊరేగింపుకు తీసే జమీందారు కారు. మిర్చి యార్డుకీ ఊరికీ మధ్య ముప్పై ఏళ్ళు తిరిగి, ఇంజను రెండుసార్లు మార్చుకుని, కుటుంబాన్ని పోషించిన బండి "మొదటి రూపం" ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? పైగా అది కిరాయి బండి. 1980ల నడిమి బండికి 50 ఏళ్ళు నిండేది 2035 తర్వాత. ఈలోపల 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ రుసుము పెంచారు, తుక్కు విధానం వచ్చింది. పొగ కక్కే బండి రోడ్డు మీద తిరగాలని నేను వాదించడం లేదు. తిరగవద్దు. అయితే తుక్కు కొట్టేముందు దాని నెంబరు, దాని రేకు, దాని కథ రాసుకోమంటున్నాను. పనిచేయని వస్తువుకే పురాతన గౌరవం, పనిచేసిన వస్తువుకు సుత్తి దెబ్బ – ఈ న్యాయం నాకు నచ్చలేదు.

అమెరికా, ఇంగ్లండు ఔత్సాహికుల పద్ధతి కూడా మనకు అక్షరాలా పనికిరాదు. ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు రెండూ ఫ్యాక్టరీవే అయితేనే వారికి ఆ బండి శుద్ధమైనది. మన దగ్గర ఆ శుద్ధి పరీక్ష పెడితే ఒక్కటీ నిలవదు. మేస్త్రీ కట్టిన తొట్టి కూడా ఆ బండి చరిత్రే అని ఒప్పుకుంటే తప్ప మన చరిత్ర రాయలేం. దాన్ని కల్తీ అనేవాళ్ళతో నాకు పేచీ.

మరి ఎక్కడ వెతకాలి? నాకు తోచింది చెబుతాను. బండి రిజిస్ట్రేషను దరఖాస్తు మీద ఛాసిస్ నెంబరు పెన్సిల్ ముద్ర అంటించాలనే పద్ధతి ఉంది. పల్చటి కాగితం నెంబరు మీద పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఆ ముద్రలు అంటించిన పాత దరఖాస్తులే మన శాసనాలు. ఒకానొక కార్యాలయంలో పాత ఫైళ్ళ గురించి అడిగితే గుమాస్తాగారు "కంప్యూటర్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. చెద పట్టిన గదిలోకి ఆయన్ను ఎవరు పంపిస్తారు? కంప్యూటరు మాత్రం రేకు గీకినట్టు గీకి చెప్పదు. నెంబరు ప్లేటు కూడా ఒక ఆధారమే. 1989 జూలైలో కొత్త చట్టం వచ్చాక ఏపీ 27 అంటే ప్రకాశం బండి, ఏపీ 7 అంటే గుంటూరు బండి అని చిన్నపిల్లవాడు కూడా చెప్పేవాడు. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది. కొత్త బండి ఏ జిల్లాదో ఇక ప్లేటు చెప్పదు.

ఆఫీసు గదుల కన్నా ముఖ్యం మనుషులు. 1980లలో పాతికేళ్ళ వయసుతో తొట్టి కట్టినవాడికి ఇప్పుడు అరవై అయిదు దాటాయి. జహీరాబాదులో మొదటి బండ్లు బిగించినవాళ్ళూ అదే వయసు వాళ్ళు. వాళ్ళ దగ్గర ఫొటోలుంటాయి, గుర్తింపు కార్డులుంటాయి, ఎక్కడో ట్రంకుపెట్టెలో సర్వీసు పుస్తకాలుంటాయి. రైతు ఇంట్లో బ్యాంకు అప్పు కాగితం ఉంటుంది. అందులో బండి ధర, వడ్డీ, వాయిదాలు, ఛాసిస్ నెంబరు అన్నీ ఉంటాయి. కామర్సు విద్యార్థికి అంతకు మించిన పాఠం ఏది? చరిత్ర విద్యార్థులు రాజుల వంశవృక్షాలు వల్లె వేస్తారు. ఒక్క నెల మేస్త్రీల దగ్గర కూర్చుంటే వారి పరిశోధన వ్యాసం వారికే కొత్తగా కనిపిస్తుంది. తెలుగు శాఖవారు డి.సి.ఎం. వంటి మాటలను ఏరి పెట్టవచ్చు. విద్యార్థి సంఘం వార్షికోత్సవానికి మైకులకూ దండలకూ పెట్టే ఖర్చులో పదోవంతు చాలు – నాలుగు నోటు పుస్తకాలు, బస్సు చార్జీలు, టీ ఖర్చులు.

"పాత ఇనుముకు ఇంత రాద్ధాంతమా?" అని నా మిత్రుడొకాయన ఈ వ్యాసం చిత్తుప్రతి చూసి అడిగాడు. ఆయన ఇంట్లో తాతగారి ఎడ్లబండి చక్రం వరండాలో అలంకారంగా వేలాడుతున్నది. ఎడ్లబండి పోయాక చక్రం వరండాకెక్కింది. ఆల్విన్ బండి మాత్రం ఏ వరండాకూ ఎక్కలేదు, ఏ పుస్తకానికీ ఎక్కలేదు. మన రాష్ట్రం మళ్ళీ కార్ల కర్మాగారాలను పిలుచుకుంటున్నది. 2019 నుంచి పెనుకొండ దగ్గర కొరియావారి కియా కార్లు వస్తున్నాయి. అక్కడ ఏ భాగం ఇక్కడిది, ఏ భాగం పెట్టెలోది అని నలభై ఏళ్ళ తర్వాత అడిగే కుర్రవాడికైనా జవాబు దొరికేట్టు చేద్దామా వద్దా?

ఆ రోజు మేస్త్రీ నాకు ఛాసిస్ నెంబరు పెన్సిల్ ముద్ర తీసి ఇచ్చాడు, పల్చటి కాగితం మీద. దాన్ని నా డైరీలో పెట్టుకున్నాను. అందులో నాలుగో అంకె 8 అని నేనంటాను, 3 అని ఆయనంటాడు. తుప్పు తిన్న చోట అది. బండి ఇంకా ఆ చెట్టు కిందనే ఉంది. వేసవి దాకా అమ్మనన్నాడు.